సోని కంటే గంగ

రత్నాలు మేడమ్ ఇంగ్లీషు చెబుతోందంటే ఆశ్రమ పాఠశాల వరండా దద్దరిల్లాల్సిందే. ఇద్దరు ఆడపిల్లల్ని వీపుకు వీపు ఆనించి నిలబెట్టేది. మిగిలినవాళ్లు గొంతు చించుకుని అరవాలి, "సోని ఈజ్ టాలర్ దేన్ చిట్టి!" అని.

"మనకైతే 'కంటే' అని ఒక్క మాట పెడితే పనైపోతుంది. ఇంగ్లీషువాడికి అలా కాదర్రా, మాటకే తోక తగిలించాలి. టాల్‌కి టాలర్, షార్ట్‌కి షార్టర్. మాట మరీ పొడుగైందనుకోండి, తోక మోయలేదు పాపం, ముందు 'మోర్' పెట్టాలి. ఇక గుడ్ ఉందే, అది చెప్పిన మాట వినే రకం కాదు. బెటర్ అని వేషమే మార్చేస్తుంది." పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఆమెదీ అరకు కొండలే, అవతలి గట్టు మీద ఊరు. చిన్నప్పుడు "చెల్లి నాకంటే బక్కది" అన్నందుకు తల్లి చేతిలో వీపు చిట్లింది. ఆ పక్క ఊళ్లలో ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు అనరు. ఆ మాట కొండ వింటుందట. తక్కువన్న పిల్లను తనకిచ్చేశారనుకుని తీసుకుపోతుందట. బీఎడ్ చేసి వచ్చిన రత్నాలు ఆ సంగతి మరిచిపోలేదు. పక్కన పెట్టింది, అంతే.

సోని, గంగ అక్కచెల్లెళ్ల పిల్లలు. బడి తెరిచిన కొత్తలో ఇద్దరూ అచ్చం ఒకే ఒడ్డూ పొడుగూ. "యాజ్ స్ట్రాంగ్ యాజ్" అని నేర్పడానికి ఇంతకన్నా మంచి జత ఎక్కడ దొరుకుతుందని రత్నాలు సంబరపడింది. వానలు ముదిరేసరికి ఆ జత కాస్తా చెడింది. సోని ఫాస్టర్. సోని స్ట్రాంగర్. గంగ పేరు ఎప్పుడూ 'దేన్' తర్వాతే. పిల్లలకు అదో ఆట. గంగ కూడా నవ్వేది, కాకపోతే గోడకు ఆనుకుని నవ్వేది.

ఒక సంత రోజున గంగ తల్లి సోములమ్మ పసుపు అమ్ముకుని, కూతుర్ని చూద్దామని బడికి వచ్చింది. గేటు దగ్గరే ఆ కేకలు విని, వరండాలో నిలబడ్డ ఇద్దర్నీ చూసి, విషయం గ్రహించింది. గంప అక్కడే పడేసి ఒక్క ఉదుటున వచ్చి గంగ రెక్క పట్టుకుని లాగేసింది.

"ఏటి సేత్తన్నావు మేడమ్మా? నా గుంటని తక్కువ సేసి అరిపిత్తావా? నువ్వూ కొండ పిల్లవే కదా, నీకు తెల్దా?"

రత్నాలు సోనిని తరగతిలోకి పంపేసింది. సోములమ్మ గంగను బడిలోనే వదిలి, ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ వేళ నుంచి రత్నాలుకు భయం పట్టుకుంది. ఇదంతా పిచ్చి నమ్మకమని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత మాత్రాన భయం పోతుందా? ఆ ఆట మానేసింది. బోర్డు మీద ఏనుగునూ ఎలకనూ గీసి కానిచ్చేసింది. గంగ వంక తేరిపార చూడడం కూడా మానేసింది. చూస్తే ఎక్కడ పోలిక తడుతుందోనని.

అదీ ఆమె చేసిన తప్పు. రోజూ చూసే కంటికి పిల్ల కరిగిపోవడం ఎలాగూ ఆనదు. పక్కన సోనిని పెట్టి చూస్తేనే కదా తెలిసేది!

చివరికి ఒక ఉదయం ప్రార్థన వరసలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకే కొలతకు కుట్టిన బడి గౌన్లు. గంగ గౌను భుజాల మీంచి జారిపోతోంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. పెదవుల్లో చుక్క రక్తం లేదు. ప్రధానోపాధ్యాయురాలు ఉమామహేశ్వరి, "రేపు తనిఖీ ఉందమ్మా, ఎల్లుండి చూద్దాం" అంటున్నా రత్నాలు వినిపించుకోలేదు. పిల్లను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

ఒంట్లో రక్తం సగం కూడా లేదన్నారు. సూదులు వేశారు, రక్తం ఎక్కించారు. కబురందుకుని వచ్చిన సోములమ్మ మంచం పట్టె పట్టుకుని రత్నాలును ఒక్కటే మాట అడిగింది.

"ఏ మందైనా ఎయ్యండి. నా పిల్ల మీద మరి ఎక్కువ తక్కువలు అనకు. ఒట్టెయ్యి."

రత్నాలు ఒట్టు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం కొత్త డాక్టరు వచ్చాడు. నిన్నటాయన సెలవు. వార్డు నిండా జ్వరాలు. ఈయన గంగను అంతకుముందు చూసి ఎరగడు. "నిన్నటి మీద ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగుంది బాబూ," అంది సోములమ్మ. బిడ్డ గురించి అంతకుమించి అనకూడదు మరి. డాక్టరు తలూపి పక్క మంచం వైపు తిరిగాడు.

బాగాలేదు. నిన్న నీళ్లు అడిగిన పిల్ల ఇవాళ గ్లాసు పెదవికి ఆనించినా మింగడం లేదు. రత్నాలు డాక్టరు వెనకే వెళ్లబోయి ఆగింది. ఒట్టు వేసింది. అయినా ఈ కొండకు ఇంగ్లీషు వస్తుందా? ఆ పిచ్చి ధైర్యంతోనే నోరు తెరిచింది.

"సర్! షి ఈజ్ వీకర్ దేన్ యెస్టర్డే. మచ్ వీకర్."

డాక్టరు వెనక్కి వచ్చాడు. రెప్ప ఎత్తి చూశాడు, నాడి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన నెమ్మదిగా మాట్లాడలేదు. విశాఖ పెద్దాసుపత్రికి పంపాలి, అంబులెన్సు పిలవండని కేకేశాడు.

సోములమ్మ కళ్లు రత్నాలు మీదే ఉన్నాయి. "ఆ 'దేన్' అంటే ఏటో నాకు తెలుసు. ఆ వేళ నా సెవులారా ఇన్నాను. పిల్లకేదైనా అయితే నువ్వన్న మాట వల్లే."

"నేనే అన్నాను అక్కా. నా మీదే ఏసుకో. ముందు బండెక్కు."

అంబులెన్సు టైడా ఊరు దాటింది. వాన వల్ల ఘాట్ రోడ్డు జారుతోంది. ప్రతి మలుపులోనూ సెలైన్ సీసా ఊగుతోంది. కాళ్ల దగ్గర కూర్చున్న రత్నాలుకు గంగ ముఖం కనబడడం లేదు. ముందు సీట్లో నర్సు ఫోనులో విశాఖతో మాట్లాడుతోంది. కూతురి చెయ్యి సోములమ్మ గుప్పిట్లో ఉంది.

ఉన్నట్టుండి సోములమ్మ ఆ చెయ్యి చెంపకు ఆనించుకుంది. మళ్లీ ఆనించుకుంది. పుట్టి బుద్ధెరిగాక అనని మాట అప్పుడు అంది.

"నర్సమ్మా! ఇందాకటి కంటే సల్లగుంది! ఇందాకటి కంటే... బేగి సూడు తల్లీ, నా గుంట ఇందాకటి కంటే తగ్గిపోనాది!"

నర్సు ఫోను వదిలేసి వెనక్కి దూకింది.