పసికాయల గెల

ఏడో తరగతిలో బడి మానేశాను. మా మేష్టారు నన్ను కోతి అనేవారు. పెద్దవారి మాట పోనివ్వకూడదని చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే పనిలో చేరిపోయాను. ముప్పయ్యయిదేళ్లు ఎక్కాను. పైన ఉన్నంతసేపూ నా నోరు ఊరుకునేది కాదు. ఎవరింట్లో చేపల పులుసు ఉడుకుతోందో వాసన పట్టి అరిచి చెప్పేవాణ్ణి. కింద కాయలేరే ఆడవాళ్లు నవ్వుతూ తిట్టేవారు.

నలభై ఎనిమిది నిండాక అవే చెట్లు పొడుగైనట్టు అనిపించసాగింది. సగం ఎక్కేసరికి ఆగిపోయి చెట్టును కావలించుకునేవాణ్ణి. వయసండి, అన్నారు డాక్టరుగారు. ఆయన నాకంటే పెద్దవారే గానీ ఆయనకు చెట్టెక్కే పని లేదు కదా. ఇంట్లో చెప్పలేదు. చెబితే మాన్పించేస్తారు. మానేస్తే నన్నెవరు ఏమని పిలుస్తారు? పొద్దున్నే తాడు భుజాన వేసుకోబోయి మళ్లీ దించేవాణ్ణి. అది కనబడకుండా జోకులు రెట్టింపు చేశాను.

ఈ ఏడాది వానలు తగ్గాక మామిడికుదురు దగ్గర ఒక తోటలో దింపు. మా ఆవిడ కింద కాయలేరుతోంది. ఆవిడ తమ్ముడు పక్క చెట్టు మీద ఉన్నాడు. మూడో చెట్టు పైన గాలి కొంచెం ఊపింది. మట్టను కావలించుకుని కళ్లు మూసేశాను. ముదురు గెల అవతలి వైపుంది. దానికోసం ఒళ్లు తిప్పాలి. తిప్పలేకపోయాను. చేతికందిన గెల నరికేసి గబగబా దిగిపోయాను.

తోట రైతు ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపారు. నీళ్ల చప్పుడు లేదు.

"పసికాయలు కోసేశారేంటండి? కళ్లజోడు పెట్టించుకోవాలేమోనండి" అన్నారు మర్యాదగానే.

అందరూ నవ్వారు. ఆయనే సాకు అందించారు. చూపు తగ్గిందండి అంటే సరిపోయేది. అనబోయాను కూడా. ఈలోగా మా ఆవిడ దగ్గరికొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"పైన మాటాడలేదేంటండి? మీ నోరు వినపడకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు" అంది మెల్లగా.

ఆర్నెల్లుగా ఒక్కణ్ణే భయపడుతున్నాననుకున్నాను.

"చూపు బానే ఉందండి. భయమేసిందండి. ఇంక ఎక్కలేను" అన్నాను రైతుతో.

ఎవరూ నవ్వలేదు. నా బావమరిది దిగి వచ్చి నా నడుముకున్న కత్తి తీసుకున్నాడు.

"రేపట్నుంచి ఒలుపుకి రా బావా. కింద కూర్చుని ఎంత సేపైనా వాగొచ్చు."

ఆయ్ అన్నాను. ఒలవడం నాకు రాదు. నిలబెట్టిన ఇనప గునపానికి కాయ గుచ్చి పీచు విరవాలి. కొత్తవాళ్ల చీరుకుపోయిన అరచేతులు చూశాను నేను.

మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీ విప్పి మారు వడ్డించుకుని తింది. ఆవిడ అలా తిని ఎన్నాళ్లయిందో అప్పుడు తట్టింది. నేను రెండు ముద్దలతో చెయ్యి కడిగేసుకున్నాను. తోట మూల పాతి ఉన్న గునపం మొన వైపే చూస్తూ కూర్చున్నాను.