గడప దాటని గౌరవం

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు హక్కు వచ్చిన మొదటి ఎన్నికలకు వారం ముందు, డార్నల్ నుంచి డర్బన్ వెళ్ళే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఆమె సంచిలో మూడు పార్టీల టీషర్టులున్నాయి.

"మూడింటికీ ఓటేస్తావా అవ్వా?" అన్నాను.

"ఫ్రీగా ఇచ్చారు బాబూ. ఫ్లోరు తుడిచేదానికి మంచివి. నీకొకటి కావాలా?"

వద్దన్నాను. తాతగారి చెరుకు తోటలు పోయి నేను మిల్లులో గుమాస్తానయ్యానే గాని, ఊరికే వచ్చినదాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. ఓటు కూడా వెయ్యనన్నాను. పార్టీలు సబ్బుల్లా తమను తాము అమ్ముకుంటున్నాయనీ, మనం ఎంచుకుంటున్నామనుకోవడమే భ్రమని ఈ కాలపు తత్త్వవేత్తలు రాశారనీ వివరించాను. పదేళ్ళ కిందట తెల్లవాళ్ళ ప్రభుత్వం నల్లవాళ్ళను వదిలేసి మన ఇండియన్లకు విడిగా ఓటిచ్చినప్పుడు మా నాన్నగారు గడప దాటలేదని కూడా చెప్పాను.

"మేమూ పోలేదు," అంది అవ్వ. "ఓటుకి రమ్మని మా ఇంటికి కారొచ్చింది. ఈ నేల మీద పుట్టిన జూలూ వాళ్ళకి లేని ఓటు నాకెందుకని నా మొగుడు తిప్పి పంపేశాడు. ఇప్పుడు వాళ్ళకీ వచ్చింది కదా. మరి నువ్వు ఎవరి కోసం ఇంట్లో కూర్చుంటావు?"

దారిలో స్టాంగర్ ఊరు రాగానే ఆమె సంచి తీసుకుని దిగిపోయింది.

పార్టీల మీద నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎన్నికల రోజు మాత్రం ఇస్త్రీ కోటు వేసుకుని, ఎండలో ఐదు గంటలు వరుసలో నిలబడ్డాను. నా కోటు చూసి ఎవరో నాకు కుర్చీ తెచ్చారు. నా ముందున్న జూలూ పెద్దాయనకు ఇమ్మన్నాను. ఆయన కుర్చీని చూసి, నన్ను చూసి, తల అడ్డంగా ఊపి, నడుము ఇంకాస్త నిటారు చేసుకున్నాడు.