చేతిలో డబ్బా ఉంటే చాలు

ఆ రోజుల్లో మా హుజూరాబాద్‌లో నడవాలంటే ఎక్కడికో ఒకచోటికి పోతూ ఉండాలి. గిర్నీకి పిండి పట్టించడానికో, మందుల దుకాణానికో, అలిగి పుట్టింటికో, ఏదో ఒక చోటు ఉండాలి. నడవడం కోసమే నడిచే ఆడమనిషిని మా వాడకట్టు అప్పటికింకా చూడలేదు. ఇప్పుడైతే తెల్లారేసరికి రంగురంగుల బూట్లు వేసుకుని చేతులూపుకుంటూ పోయేవాళ్ళను చూసి చూసి కుక్కలు కూడా మొరగడం మానేశాయి గాని, నేను నడక మొదలుపెట్టిననాడు మాత్రం కుక్కలకన్నా ముందు మనుషులే నా వెంటపడ్డారు.

అసలు నాకు ఈ నడక ఎందుకు వచ్చిపడిందో చెప్పాలి. డిగ్రీ అయిన ఏడాదే నాకు కీళ్ళవాతం పట్టుకుంది. ముసలివాళ్ళకు రావలసిన రోగం దారితప్పి మా ఇంటికొచ్చిందని నన్ను కన్న అవ్వ ఏడ్చేది. పొద్దున లేచేసరికి మోకాళ్ళూ వేళ్ళూ బిగుసుకుపోయి, దువ్వెన పట్టుకోవడమే ఒక పెద్ద పనయ్యేది. కరీంనగర్ డాక్టరమ్మ ఇచ్చిన గోళీలు నొప్పిని సగం చేసి, ఆకలిని రెండింతలు చేశాయి. (రెండిట్లో ఏది నయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.) మొహం ఉబ్బింది, ఒళ్ళు పెరిగింది. జాకెట్ల కుట్లు విప్పీ విప్పీ, ఇక విప్పడానికి కుట్లు లేవని అవ్వ చేతులెత్తేసింది. డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బరువు జర తగ్గించుకుంటే నీ మోకాళ్ళు నీకు దండం పెడతయమ్మా. ఉరకొద్దు, అట్లని కూలబడొద్దు. రోజూ పొద్దుమీకి మెల్లగ నడువు. నొప్పి ఎక్కువున్ననాడు తక్కువ నడువు, గని మానకు" అంది.

మానడానికి నాకు వీలు కూడా లేదు. అప్పుడే ఒక ప్రైవేటు బడిలో టీచరు పని దొరికింది. నాకిచ్చిన తరగతి పై అంతస్తులో ఉంది. మెట్లెక్కలేక మొదటి వారమంతా పిల్లల్నే కిందికి పిలిపించుకుని వరండాలో పాఠం చెప్పాను. పెద్దసారు అది చూశాడు. "మేడం, దసరా సెలవులదాంక చూస్త. అప్పటికి గుడ మీరు పైకి రాకుంటే, పైకెక్కేటోళ్ళనే పెట్టుకుంట" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే నాకు ఎక్కువ బాధేసింది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే బాపు, "నొప్పులతోని నీకెందుకు బిడ్డా తిప్పలు, ఇంట్ల కూసో, నేను లేనా" అంటాడు. మరమగ్గాల ముందు నిలబడి నిలబడి ఆయన కాళ్ళే వాచిపోయేవి. ఆ కాళ్ళ కష్టం మీద నేను కూర్చుని తినడం నాకు సుతరామూ ఇష్టంలేదు.

అందుకని ఒక సాయంత్రం చెప్పులేసుకుని బయల్దేరాను. గడప దాటానో లేదో ఒకావిడ, "ఎటు బిడ్డా?" అంది. ఊరికే నడుస్తున్నానన్నాను. "ఊరికేనా?" అని ఆమె పక్కావిడ మొహం చూసింది. మూలదాకా పోయి వెనక్కి తిరిగితే, "ఏమన్న పోగొట్టుకున్నవా, ఎతుకుతున్నవ్?" అని ఇంకొకామె. మళ్ళీ అటు తిరిగితే, "ఇంట్ల కొట్లాటయిందా?" అని మరొకామె. నేను ఇల్లు చేరేలోపే, నేను అలిగి ఇల్లు విడిచిపోయానన్న కబురు అవ్వకు చేరిపోయింది. (నేను చాలా మెల్లగా నడిచానని కూడా ఒప్పుకోవాలి.)

ఈ గండం నుంచి నన్ను గట్టెక్కించింది మా పక్కింటి ఖాలా. ఆమెకు షుగరు, పైగా మోకాళ్ళ నొప్పులు, వాటన్నిటినీ మించిన తెలివి. "నీ కాళ్ళతోని పరేషాన్ లేదు బేటీ, ఉత్త చేతులతోనే వచ్చింది. చేతిల ఒక డబ్బా పట్టుకో. డబ్బా పట్టుకున్నోళ్ళను ఎవ్వరడగరు, ఏదో పని మీద పోతున్నరనుకుంటరు" అని తన ఇంట్లోంచి మూతా పిడీ ఉన్న ఒక స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పా, నా మోకాళ్ళను గుడ తోల్కొస్త" అని తనూ చెప్పులేసుకుంది.

ఆ ఉపాయం ఎంత బాగా పనిచేసిందో చెప్పలేను. వాడకట్టులో ఒక్కరు నోరు తెరిస్తే ఒట్టు. ఖాలా, నేను, ఉత్త డబ్బా, ముగ్గురం రాణుల్లా నడిచాం. ఆ వైభోగం వీధి మూలమీది ఇంటి అత్త డబ్బా మూత తీసి చూసేదాకానే సాగింది. "ఉత్త డబ్బా పట్టుకొని నా వాకిట్ల నుంచి పోతవా? మంచిగుంటదా గిది?" అని నన్ను నిలబెట్టి, లోపలికి పోయి నిండా సకినాలు పోసుకొచ్చింది. ఇంటికి తెస్తే అవ్వ ఆ డబ్బా కడిగి, "సకినాలు పోసినోళ్ళింటికి ఉత్తగ తీస్కపోతవా?" అని గారెలు పెట్టింది. గారెలు తీసుకున్న అత్త అందులో మురుకులు పోసి, "సగం నువ్వు తీస్కో, సగం మిద్దెమీది పెద్దమ్మకియ్యి" అంది. ఆ పెద్దమ్మ ఉండేది కిరాణా దుకాణం మీద. నిటారు మెట్లు. ఎక్కలేను అత్తా అంటే, "మెల్లగెక్కు బిడ్డా, ఆమె ఏడికి పోతది" అని అత్త లోపలికి వెళ్ళిపోయింది.

అలా నా నడక కాస్తా రవాణా వ్యాపారమైపోయింది. ఏ ఇంటి అప్పాలు ఏ ఇంటికి పోవాలన్నా నా డబ్బాలోనే పోవాలి. మిద్దె మెట్ల నడుమ ఖాలా, నేను కూర్చునేవాళ్ళం. మోకాళ్ళు నిమురుకునేవాళ్ళం, మూత తీసేవాళ్ళం. "గిది దొంగతనం కాదు బేటీ, మన కూలి" అనేది ఖాలా. తను తిన్న సంగతి తన ఇంట్లో చెప్పొద్దని రోజూ నాతో ఒట్టు వేయించుకునేది. నెల తిరిగాక ఖాలా వాళ్ళాయన పాత ఇనుము దుకాణంలో కాంటా ఎక్కాను. చాచా ముల్లు వైపు చూశాడు, నా వైపు చూశాడు, "కాంటా జర ఖరాబున్నది బేటీ" అన్నాడు. అంతకంటే మర్యాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఒకనాడు ముసురు పట్టింది. మోకాళ్ళు వాచి, మంచం దిగితే ప్రాణం పోయినట్టుంది. ఇక నావల్ల కాదని, పెద్దసారు గెలిచాడని గోడవైపు తిరిగి ఏడ్చాను. పొద్దుమీకి మూలమీది అత్త గొడుగేసుకుని వచ్చింది. "డబ్బా రాలేదేంది? నా గరిజెలు మెత్తబడుతున్నయి" అంది. ఆమె వెనకే ఖాలా. "డాక్టరమ్మ తక్కువ నడువుమన్నది గద, మానుమన్లే. లే, మూలదాంక పోయొద్దాం. నొప్పిని గుడ ఎంబడి తోల్కపోదాం" అని నా చెయ్యి పట్టి లేపింది. ఆ రోజు మూలదాకానే పోయాం. ఆ రోజు లేవకపోయి ఉంటే నేను మరి లేచేదాన్ని కాదు.

దసరా సెలవులకు ముందురోజు బడిలో పెద్దసారు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. "ఎక్కుతరా మేడం?" అన్నాడు. మెట్ల వైపు చూస్తే కాళ్ళు కదల్లేదు. చేతులు ఏం చెయ్యాలో తోచక ఊరికే వేలాడుతున్నాయి. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. "సార్, మీ టిఫిన్ డబ్బా జర ఇస్తరా?" అన్నాను. ఆయన అయోమయంగా ఇచ్చాడు. దాన్ని పట్టుకుని మిద్దె మెట్లెక్కినట్టే మెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కాను. సగంలో అలవాటు ప్రకారం కూర్చున్నాను. అలవాటు ప్రకారమే చెయ్యి మూత మీదికి పోయింది. చపాతీలు, వంకాయ కూర. పైనుంచి పిల్లలంతా కళ్ళప్పగించి చూస్తున్నారు. కిందినుంచి పెద్దసారు, "మేడం, అది నా బువ్వ" అన్నాడు. మూత పెట్టేశాను. (అప్పటికే ఒక చపాతీ ముక్క నోట్లో ఉంది.) లేచి మిగతా మెట్లు ఎక్కాను. నా తరగతి గుమ్మంలో నిలబడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దసారు తన డబ్బా కోసం రొప్పుతూ పైకొచ్చి, గోడ పట్టుకుని, "సెలవులయినంక గీ తరగతి మీదే. నేను గుడ జర నడవాలె" అన్నాడు. ఆయన బువ్వ తిన్నాక డబ్బా మాత్రం నేనే ఉంచుకున్నాను. అందులో నా చెయ్యి పడింది కదా, సెలవుల తర్వాత నిండా సకినాలతో ఇచ్చాను.

ఇప్పటికీ నేను టీచర్నే. నొప్పి ఎటూ పోలేదు, చలికాలంలో చుట్టంలా వచ్చి తిష్ఠ వేస్తుంది. బరువు కొంత తగ్గుతుంది, పండగలకు తిరిగొస్తుంది. నడక మాత్రం మానలేదు. మోకాళ్ళు మరీ మొరాయించాక ఖాలా ఆసిఫాబాద్‌లో కూతురింటికి వెళ్ళిపోయింది. ఆమె లేని దారి నాకు ఇప్పటికీ పొడుగ్గానే ఉంటుంది. రోజూ నేను నడిచే వేళకు ఫోన్ చేస్తుంది.

"నడుస్తున్నవా బేటీ?"

"నడుస్తున్న ఖాలా."

"డబ్బాల ఏమున్నది?"

"ఏం లేదు, ఉత్తదే."

"మరి నీ నోట్లున్నదేంది?"

నేను సకినం నమలడం ఆపేశాను. నేను ఆపినా కరకర ఆగలేదు. అది ఆసిఫాబాద్ నుంచి వస్తోంది. ఆ చప్పుడు సంగతి నేను అడగలేదు, వాళ్ళింట్లో చెప్పనని ఒట్టేశాను కదా.