పసుపు అక్షరాల బండి

2025 జూలై 17, గురువారం, ఉదయం తొమ్మిదింబావు. సన్నని తుంపర. నల్లగండ్లలో కిరణ్మయి, పెంటయ్య నడిపే కరెంటు ఆటో ఎక్కింది ఆ వేళనే.

బోరబండ పెంటయ్య ముప్పై ఏండ్లు డీజిలు ఆటో నడిపి, ఆరు నెలల క్రిందటే ఈ బండి కొన్నాడు. రోడ్డు పన్ను లేదన్నారు. ఛార్జింగు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అతని ఇంటి సందులో ఆటో పట్టదు. ఇన్నాళ్లూ ఛార్జింగు పెట్టుకున్న కిరాణా కొట్టు ప్లగ్గుకు ముందు రోజే ఆ కొట్టున్న ఇంటి యజమాని తాళం వేయించాడు. వేరే చోటు దొరకకుంటే ఆటో అమ్ముకోవలసిందే.

పొరుగు దేశాల కరెంటు బండ్లపై నివేదిక రాస్తున్న కిరణ్మయి, ఆ ఉదయం పదింటికి ఆఫీసులో చేయవలసిన ప్రసంగాన్ని దారిలో అతనికే వినిపించింది.

"నేపాల్‌లో కొత్త కార్లలో సగానికి పైగా కరెంటువేనండి. సుంకం తగ్గించారు. భూటాన్‌లో టాక్సీలకు సాయం చేశారు. బంగ్లాదేశ్‌లో బ్యాటరీ రిక్షాలు ముందు వచ్చాయి, చట్టం వెనక నడుస్తోంది."

"నేపాల్ల ఆటోవాడు వైరు ఏడ పెడ్తడు మేడం?"

"అది నా కాగితాల్లో లేదండి."

"మా సర్కారు కాగితంల గూడ లేదు."

ఆమె నొచ్చుకుంది. "మా ఆఫీసు సెల్లారులో ఛార్జర్లు సగం ఖాళీగానే ఉంటాయి. అడుగుతాను, రండి."

పెంటయ్యకు ప్రాణం లేచివచ్చింది. డీజిలు బండిలో ముల్లు అడుగంటినా రెండు మైళ్లకు కొదవ ఉండదు. ఆ అలవాటుతోనే బ్యాటరీ మీటరును ఖాతరు చేయలేదు. హైటెక్ సిటీ వంతెన క్రింద బండి నిలిచిపోయింది.

వెనుకనే వచ్చిన పాత దోస్తు తిరుపతి, తన డీజిలు ఆటోలోంచి ఎడమ కాలు చాచి, పెంటయ్య బండి వెనుక తన్నిపెట్టి తోయసాగాడు.

"ఏందన్నా, కరెంటు పోయిందా? జర నా పొగ తాగు, తాకత్ వస్తది!"

"నోరు మూసుకొని తొయ్యిరా!"

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అధికారి చేయి అడ్డం పెట్టాడు. "లోపలికి కుదరదు మేడం."

"పచ్చ నంబరు ప్లేటే గద సారూ, కరెంటు బండే!" అన్నాడు పెంటయ్య.

"అక్షరాలు పసుపువి. కిరాయి బండి. తెల్ల అక్షరాల సొంత బండ్లకే ఛార్జింగు."

అధికారి వెనుక నాలుగు ఛార్జర్లు ఊరికే వేలాడుతున్నాయి. కిరణ్మయి వాదించింది, బతిమాలింది; పది కావస్తున్నది.

"మీరు పోండి మేడం. నేపాల్ ముచ్చట జెప్పినంక గీ గేటు ముచ్చట గూడ జెప్పుర్రి," అన్నాడు పెంటయ్య.

ఆమె చెప్పింది. సభ నవ్వింది, నియమం మారలేదు.

సెప్టెంబరులో ఆ ఆటోను ప్రగతి నగర్‌లో సొంత ఇల్లూ, సొంత ప్లగ్గూ ఉన్న ఒకాయన కొన్నాడు. పెంటయ్య ఇప్పుడు తిరుపతి డీజిలు ఆటోను మధ్యాహ్నాలు నడుపుతున్నాడు. కిరణ్మయి నివేదిక అచ్చయింది; అందులో గేటు ప్రసక్తి లేదు.