ఎదురొచ్చిన మా అక్క

బావ పోయిన పదో రోజున మా అక్క బొట్టు తీయనంది. ఇంటినిండా ఉన్న ఆడవాళ్లు నిలదీస్తే, "బొట్టు మొగుడు తెచ్చింది కాదని సభలో ఆ పెద్దాయన చెప్పారు" అంది. బందరులో ఒక సంస్కరణ సభలో వక్త అన్న ఆ మాట విని ఆమెకు చెప్పింది నేనే. మా ఇద్దరికీ ఆయన మాట అంటే అంత గురి. ఆ మాట మీద నిలబడ్డందుకు అవనిగడ్డలో మూడేళ్లుగా అక్కను ఒక్క పెళ్లికీ పిలవలేదు.

పోయిన వేసవిలో గుడివాడలో అక్కను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ సందు తిరిగేసరికి, ఒక ఇంటి గేటులోంచి ఆ వక్తే వస్తున్నారు. బయట కారు, వెనక సీట్లో పళ్లబుట్టలు. కూతురి సంబంధం ఖాయం చేసుకోడానికి వెళ్తున్నామని ఆయనే సంతోషంగా చెప్పారు. నేను ఆగలేకపోయాను.

"మా అక్కండీ. బావ పోయినా, మీ మాట విని బొట్టు తీయలేదు."

"భేష్ అమ్మా!" అన్నారు. మరుక్షణం, "అరెరె, కళ్లజోడు మర్చిపోయా" అంటూ లోపలికి వెళ్లారు. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

తలుపు తెరిచే ఉంది. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగారు. "ఏమేవ్, నువ్వొకసారి ఎదురు రా" అని భార్యతో అనడం మా ఇద్దరికీ వినిపించింది. ఆవిడ బయటికొచ్చి, మమ్మల్ని చూసి తల దించుకుంది.

డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నాక అక్క నుదురు తడుముకుంది. "తీసేయనారా?" అంది. చుట్టాలంతా కలిసి మూడేళ్లలో చేయలేని పని ఆ పెద్దమనిషి గుక్కెడు నీళ్లతో చేశాడు.

"నెల్లాళ్లు ఆగవే" అన్నాను.

నెల తిరక్కుండానే బందరులో ఆయనకు సన్మానం. సభ నడిపేది నేను. దండ ఎవరు వెయ్యాలో ముందే అక్కకు చెప్పాను. "నేనే వేస్తా" అంది, పళ్లు బిగించి.

మైకు అందుకున్నాను. "ఇక్కణ్ణుంచి నేరుగా కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకోడానికి బయల్దేరుతున్న ఈ మహనీయుడికి, ఆయన మాట మీద బొట్టు ఉంచుకున్న మా అక్క ఎదురొచ్చి దండ వేస్తుంది."

హాలంతా చప్పట్లు. ఆయన ముఖాన నెత్తుటి చుక్క లేదు. కుర్చీ వెనక్కి జరపబోయారు, వెనక గోడ ఉంది.

అక్క మెట్లెక్కింది. రోజూకన్నా పెద్ద బొట్టు. దండ ఎత్తి పట్టుకుని, ముందు వరుసలకు వినపడేలా అంది.

"ఇంకాస్త వంగండి అన్నయ్యగారూ, అందట్లేదు."

వంగారు. నాకు జాలి కలగలేదు.