కఫీల్ తిరుపతి

గొల్లపల్లి బస్టాండు పక్కన నా దుకాణం. జిరాక్సులు, రైలు టికెట్లు, డబ్బు పంపడం, వచ్చిన డబ్బు ఇవ్వడం అని బోర్డు మీద పొడుగ్గా రాయించాను. ఊళ్ళో మాత్రం అందరూ ‘మార్కండేయులు పైసల దుకాణం’ అనే అంటారు. ఇరవై రెండేళ్ళ నుంచి ఊరి మొగవాళ్ళ సంపాదన నా కౌంటర్ మీదుగానే ఇళ్ళకు పోతోంది. అందువల్ల నాకు కొంచెం గర్వమూ, కొంచెం నోటిదురుసూ పట్టుకున్నాయని నా భార్య రమ అంటుంది. గర్వం సంగతి తెలియదు గానీ, నోటిదురుసు మాట నిజమే.

ఆషాఢమాసంలో ఒక పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికే సుఖ్‌దేవ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. బీహార్‌లో సుపౌల్ జిల్లా మనిషి. ఏటా నాట్ల కాలంలో పదిమంది ముఠాతో వచ్చి మా ఊరి తిరుపతి పొలంలో నాట్లు వేస్తాడు. వారానికోసారి నా దగ్గరికి వచ్చి ఇంటికి డబ్బు పంపుతాడు. ఆ రోజు డబ్బు పంపడానికి రాలేదు. టికెట్ కావాలన్నాడు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. కోసి నది పొంగి వాళ్ళ ఊళ్ళోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. భార్య, ముగ్గురు పిల్లలు, ఒక మేక, ఏటికట్ట మీద పాలిథిన్ పట్టా కింద ఉన్నారు. చిన్నపిల్లకు జ్వరమట.

మంచిర్యాలలో ఎక్కితే పట్నా వైపు పోయే బండి ఉంది. మర్నాటికి తత్కాల్‌లో దొరకవచ్చు.

“ఆధార్ కార్డు ఇవ్వు,” అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

“మాలిక్ కే పాస్ హై,” అన్నాడు.

“నీది మాలిక్ దగ్గరెందుకుంది?”

నాది ఒక్కటే కాదు, పదిమందివీ ఆయన దగ్గరే ఉన్నాయన్నాడు. వచ్చిన రోజే తీసుకున్నాడట. నిన్న సాయంత్రం అడిగితే నాట్లు కానివ్వమన్నాడట. కార్డు లేకుండా టికెట్ తీసినా రైల్లో టీసీకి ఏం చూపిస్తాడు?

నాకు ఒళ్ళు మండింది. వేరే ఎవరైనా అయితే ఇంత మండేది కాదు. చేసింది తిరుపతి కాబట్టి మండింది.

తిరుపతి నాకు వరసకు తమ్ముడు. వాళ్ళ నాన్న పోచయ్య సిరిసిల్లలో ఒక సేటు దగ్గర సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. తిరుపతి పదహారో ఏటి నుంచే తండ్రి పక్కన నిలబడి తెగిన పోగులు అతికాడు. తర్వాత గిరాకీ పడిపోయి సాంచెలు ఆగిపోయాయి. సేటు వాటిని పాత ఇనుముకు అమ్మేశాడు. పోచయ్య భార్య పోశవ్వ పుట్టిన ఊరు మాది. ఇద్దరూ కొడుకునూ కోడలు జముననూ తీసుకుని ఇక్కడికి వచ్చేశారు. ఏడాది తిరక్కుండానే తిరుపతి సౌదీకి పోయాడు. పోగులు అతికిన చేతులకు బురైదా దగ్గర ఖర్జూర తోట అప్పజెప్పారు.

పదిహేడేళ్ళు ఉన్నాడు. మొదటి మూడేళ్ళ డబ్బు ఏజెంటు అప్పుకు పోయింది. తర్వాతిది స్లాబు ఇంటికి పోయింది. ఆ తర్వాత జలపతి రావు దొర దగ్గర మూడెకరాలు కొన్నాడు. దొరల తాతలకు ఆ పొలం ఎలా వచ్చిందో నాకు తెలియదు గానీ, అమ్మింది మాత్రం సౌదీ ధరకు అమ్మారు. మా దగ్గర ఎకరం ధర పెంచింది పంట కాదు, రియాలు. సౌదీకి పోనివాడు ఎకరం కొనే మాటే మరిచిపోయాడు. పొలం కొనాలంటే సౌదీ పోవాలి. అందరూ సౌదీ పోతే ఆ పొలంలో వంగేవాడు ఉండడు. అందుకని సుపౌల్ నుంచి మనుషులు రావాలి. పొద్దున బురైదా నుంచి వచ్చిన డబ్బును సాయంత్రం నేనే సుపౌల్‌కు పంపుతాను. మధ్యలో మా ఊరికి మిగిలేది కొంత సిమెంటు, కొంత పొలం, ఎక్కువ గొప్ప. నా కమీషన్ నాకు ఉందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. ఆ పదిహేడేళ్ళూ జమున బీడీలు చుట్టడం మానలేదు. సౌదీ డబ్బు గోడలకూ మట్టికీ పోతే, పొయ్యి మీదికి ఉప్పూ పప్పూ బీడీలే తెచ్చాయి. మొగుడు పంపిన డబ్బుతో రాణిలాగా ఉందని ఊరు అనుకునేది. ఆమె అవునని తల ఊపి ఆకు కత్తిరించుకునేది.

తిరుపతి నాలుగేళ్ళ కింద వచ్చేశాడు. చెడ్డవాడు కాడు. ముఠాకు మోటారు కొట్టం పక్కన రేకుల గది కట్టించాడు, దోమతెరలు కొన్నాడు, ఆదివారం కోడి కోయిస్తాడు. గట్టు మీద నిలబడి “యల్లా, యల్లా” అని తొందరపెడతాడు. అరబ్బీ ముక్క బీహారు వాళ్ళకు అర్థం కాదు, గొంతు అర్థమవుతుంది.

షట్టర్ సగానికి దించి సుఖ్‌దేవ్‌ను బండి మీద ఎక్కించుకుని వాళ్ళింటికి పోయాను. జమున ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పోశవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దగ్గర పడ్డాయి, చెవులు సరిగా వినపడవు. తిరుపతి యూరియా బస్తా బండి మీదికి ఎత్తుతున్నాడు.

“తిరుపతీ, గీయన కార్డు నీ దగ్గరున్నదట?”

“ఉన్నది అన్నా. అందరియి బీరువల భద్రంగ వెట్టిన.”

“ఎందుకు వెట్టినవ్?”

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. “ఎందుకేంది అన్నా? పోయినేడు పక్కూరాయన దగ్గర ముఠా అడ్వాన్సు దీస్కొని సగం నాట్ల పారిపోయిండ్రు. నారు ముదిరి పాడైంది. కార్డులు మన దగ్గరుంటె ఎటు వోరు. గక్కడ గూడ గట్లనే గద.”

గక్కడ అంటే సౌదీ. అక్కడ పని ఇచ్చే ఆసామిని కఫీల్ అంటారు. పోగానే పాస్‌పోర్టు తీసుకుని తన బీరువాలో పెట్టుకుంటాడు. ఆయన ఇస్తేనే ఇంటికి రావడం.

“అంటె నీ కఫీల్ జేసిన పనే జేసినవన్నట్టు,” అన్నాను.

తిరుపతి నవ్వాడు. తిట్టానని కూడా అనుకోలేదు. “నా కఫీల్ మంచోడే అన్నా,” అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. యజమాని అన్నవాడు ఎలా ఉండాలో తిరుపతి ఒక్కడి దగ్గరే నేర్చుకున్నాడు. దోమతెరా, ఆదివారం కోడీ, బీరువాలో కార్డూ, మూడూ ఒకే చోట నేర్చుకున్నాడు.

సుఖ్‌దేవ్ ఫోటో చూపించాడు. తిరుపతి చూశాడు. కళ్ళలో జాలి కనబడింది, అబద్ధం చెప్పను. కానీ వెంటనే పొలం వైపు చూశాడు. ఇంకా ఎకరంనర మిగిలి ఉంది. నారుకు ముప్పై రోజులు దాటాయి. సుఖ్‌దేవ్ పోతే వాళ్ళ ఊరివాళ్ళే ఇంకో నలుగురు పోతారు.

“నాలుగొద్దులు ఆగుమను అన్నా. ఎన్ని పైసలు గావాల్నో చెప్పుమను. పదివేలు పంపుత. కూలిలకెల్లి గూడ కొయ్యను. నువ్వు గిప్పుడే పంపు.” అదే హిందీలో సుఖ్‌దేవ్‌కూ చెప్పాడు.

సుఖ్‌దేవ్ చేతులు కట్టుకున్నాడు. “పైసా లేకే వో క్యా కరేగీ, మాలిక్? చారోఁ తరఫ్ పానీ హై.” చుట్టూ నీళ్ళున్నప్పుడు ఆమె డబ్బుతో ఏం చేస్తుందని.

నాకు పదహారేళ్ళ కింది ఒక మధ్యాహ్నం కళ్ళ ముందుకు వచ్చింది. పోచయ్య చనిపోయిన మూడో రోజు అది. సౌదీ నుంచి తిరుపతి పంపిన డబ్బు నేనే తీసుకుని ఈ ఇంటికి వచ్చాను. ఎప్పుడూ వచ్చేదానికంటే చాలా ఎక్కువ. పోశవ్వ దాన్ని చేత్తో ముట్టలేదు. “వాడెప్పుడు అత్తడు మార్కండం?” అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? “గిన్ని పైసలు పంపిండు గద చిన్నమ్మా, దినాలు మంచిగ జెయ్యిండ్రి,” అన్నాను. పోచయ్యకు కొరివి పెట్టింది పాలివాళ్ళ పిల్లవాడు. నా మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

“తిరుపతీ,” అన్నాను, “చిన్నాయిన వోయినప్పుడు నీ కఫీల్ ఎన్ని రియాళ్ళు ఇచ్చిండు?”

బస్తా మీద చెయ్యి అలాగే ఆగింది. “రెండు వేలు.”

“పాస్‌పోర్టు?”

“గప్పుడు ఖర్జూర కోతుండె అన్నా...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది.

“గిప్పుడు నాటున్నది,” అన్నాను. అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. నోటిదురుసు.

మంచం మీంచి పోశవ్వ “ఏందటనే?” అని కోడలిని అడిగింది. జమున చాట పక్కన పెట్టి, అత్త చెవి దగ్గరికి వంగి చెప్పింది. “గీయన ఊరు మునిగిందట అత్తా. పెండ్లాం పిల్లలు నీళ్ళలున్నరట. ఇంటికి వోత అంటుండు.”

“మరి పోనియ్యిండ్రి,” అంది పోశవ్వ. “ఎవలు వట్టుకున్నరు?”

ఆమెకు కార్డుల సంగతి తెలియదు. నిజంగానే అడిగింది.

తిరుపతి లోపలికి పోయాడు. బీరువా తలుపు చప్పుడు వినపడింది. చేతిలో ఒక పాత రెగ్జిన్ సంచి పట్టుకుని వచ్చాడు. తన పాస్‌పోర్టు పెట్టుకునే సంచి అది. అందులోంచి పది కార్డులు తీసి సుఖ్‌దేవ్ చేతిలో పెట్టాడు. “సబ్‌కా లే జా,” అన్నాడు, అందరివీ తీసుకుపొమ్మని. సుఖ్‌దేవ్ కార్డులు జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే పరుగు లాంటి నడకతో పోయాడు. థాంక్స్ చెప్పలేదు. తన కార్డు తనకిస్తే ఎందుకు చెప్పాలి?

తిరుపతి సంచి జిప్పు లాగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. “నాయిన వోయిన పదునాలుగు నెలలకు అచ్చిన అన్నా నేను. నాయిన ఫోటోకు దండేసున్నది. మా అవ్వ నేను ఏడికి వోయచ్చినా, చిన్నప్పటి సంది, ‘ఇంటికచ్చినవా కొడుకా’ అంటది. గానాడు అన్లె. చెంబుల నీళ్ళిచ్చి లోపలికి వోయింది. గప్పటి సంది ఒక్కసారి గూడ అన్లె.”

నాకు ఆ సంగతి తెలియదు. టికెట్ తీయాలని చెప్పి వచ్చేశాను.

మర్నాడు ఐదుగురు పోయారు. తిరుపతి స్వయంగా ట్రాలీ ఆటోలో మంచిర్యాల దాకా దింపి వచ్చాడు. మిగిలిన ఐదుగురు, కార్డులు తమ జేబుల్లో ఉన్నా, ఎక్కడికీ పోలేదు. కానీ పని సగానికి పడింది. స్థానికంగా కూలీలు ఒక్కరు దొరకలేదు. జమున చాట అటక మీద పెట్టి బురదలోకి దిగింది. తిరుపతి కూడా దిగాడు. సాంచె పక్కన పెరిగినవాడికి నాటు ఎక్కడ వస్తుంది? వాడు వేసిన వరసలు చూసి నేను గట్టు మీద నిలబడి నవ్వాను. “నువ్వచ్చి ఎయ్యి,” అన్నాడు. వేయలేదు. నాకు నడుం నొప్పి.

జలపతి రావు కారు ఆపి, అద్దం దించి చూశాడు. “ఏంది తిరుపతీ, ముఠాను ఇడిచిపెట్టినవట? కార్డులు దగ్గర వెట్టుకోవద్దా?”

“పెట్టుకున్న దొరా. మల్ల ఇచ్చిన,” అన్నాడు తిరుపతి, వంగినవాడు లేవకుండానే.

చివరికి అరెకరం నాటు పడలేదు. నారు ముదిరిపోతే కోసి బర్రెలకు వేశారు. ఆ అరెకరం పచ్చటి పొలం మధ్యలో ఖాళీగా కనబడుతూనే ఉంది. పోయేవాళ్ళందరూ అడుగుతారు. నేను మాత్రం వాడిని ‘కఫీల్’ అని పిలవడం మొదలుపెట్టాను. మొదట మొహం మాడ్చుకునేవాడు. ఇప్పుడు పలుకుతాడు.

సుఖ్‌దేవ్ పోయిన ఐదో రోజు సాయంత్రం వాళ్ళింటికి పోయాను. చేరాడో లేదో కబురు లేదు. కట్ట మీద కరెంటు లేక ఫోన్ కలవడం లేదు. నేను కూర్చుని చాయ్ తాగుతుండగానే తిరుపతి ఫోన్ మోగింది. వీడియో. నీలం పట్టా కింద సుఖ్‌దేవ్ కనబడ్డాడు, గడ్డం పెరిగి ఉంది. ఒళ్ళో చిన్నపిల్ల నిద్రపోతోంది. జ్వరం తగ్గిందన్నాడు. వెనక మేక కూడా ఉంది.

తిరుపతి ఫోన్ తీసుకుపోయి తల్లికి చూపించాడు. “అవ్వా, గీయనే. బీహారాయన.”

పోశవ్వ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. పిల్లను చూసింది, అతన్ని చూసింది.

“ఇంటికచ్చినవా కొడుకా?” అంది.

సుఖ్‌దేవ్‌కు తెలుగు రాదు. పెద్దావిడ ఏదో మంచిమాట అంటోందని చేతులు జోడించి నవ్వాడు. బొమ్మ కదలకుండా ఆగిపోయింది, కట్ట మీద సిగ్నల్ పోయినట్టుంది.

ఆమె ఫోన్ వైపే చూస్తూ, జవాబు కోసం ఇంకా ఆగి ఉంది.

మంచం వెనక నిలబడిన తిరుపతి వంగి, ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

“అచ్చిన అవ్వా.”