ఇంట్లో డాక్టరుండగా

మా ఆడపడుచుకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చిన వారానికే మా మామగారు ఆమె పేరుతో ఇత్తడి బోర్డు చేయించి గుమ్మం పక్కన కొట్టించారు, ముందు 'డాక్టర్' అని చేర్చి మరీ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మూడో ఏడు సగంలో ఆమె చదువు మానేసింది. వార్డులో ఒక రోగి కిడ్నీలు ఎందుకు పాడయ్యాయని ఈమె అడిగితే, "ఎందుకో తర్వాత, ముందు మందు రాయి" అన్నాడట పెద్ద డాక్టరు. ఆయన అన్నదీ న్యాయమే. కానీ మా పిల్ల మనసు ఆ 'ఎందుకు' దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ బయాలజీ చదివి ఒక పరిశోధనశాలలో చేరింది. గాజు పళ్ళేల్లో కిడ్నీ కణాలు పెంచడం ఆమె పని. ఆదివారమైనా సరే, పొద్దున్నే వెళ్ళి వాటికి తిండిగా పోసే ద్రవం మార్చాలి.

"వాటికి తిండి పెట్టావు సరే, నువ్వు తిన్నావా?" అనేవారు మా అత్తగారు.

ప్రేమకేం తక్కువ లేదు. బోర్డు మాత్రం ఆవిడ తియ్యనివ్వలేదు. చదువు మానేసిందన్న మాట గడప దాటనివ్వలేదు. వీధిలోవాళ్ళు మోకాలి నొప్పని వస్తే, "మా అమ్మాయి పెద్దాసుపత్రిలోనే గాని ఇంట్లో చూడదు" అని పంపించేసేవారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకనాడు వంటింట్లో అత్తగారు కూతురి చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకున్నారు. నేను పక్కనే కూర తరుగుతున్నాను.

"ఇది గడ్డేనా? చూసి చెప్పు."

పిల్ల ముఖం పాలిపోయింది. "నాకు తెలీదమ్మా. రేపే హాస్పిటల్‌కి వెళ్దాం."

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఇంకొకళ్ళ దగ్గరికా? నలుగురూ నవ్వరూ? నువ్వే చూడు. మూడేళ్ళు ఊరికే చదివావా?"

"నేను డాక్టర్ని కాదమ్మా."

"గట్టిగా అనకు. కిటికీ తీసుంది."

పిల్ల బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. నేనూ నా వంతు చెప్పాను. వింటేగా? చివరికి "కరిగిపోయిందిలే" అన్నారు. చూపించమంటే చీర కొంగు బిగించుకున్నారు. ఆయాసంతో పడిపోయాక గాని ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. అప్పటికి అంతా అయిపోయింది. మాటపోతే ఎలా అని ప్రాణం పోగొట్టుకున్న మనిషిని ఏమనాలి? నాకు ఇప్పటికీ ఏడుపూ, కోపమూ కలిసే వస్తాయి.

పలకరింపుకు వచ్చిన పక్కింటావిడ అందరూ వినేలా అంది: "డాక్టరై ఉండీ కన్నతల్లిని పట్టించుకోలేదు."

పిల్ల తలెత్తింది. "నేను డాక్టర్ని కాదండీ. మూడో ఏడే మానేశాను."

మామగారు ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నారు. "ఊరుకో తల్లీ. పోయినదాన్ని అబద్ధాలకోరును చెయ్యకు."

ఆమె మళ్ళీ తల దించుకుంది. "పాపం, దుఃఖంలో ఏదో అంటోంది" అని పక్కింటావిడ అందరికీ సర్దిచెప్పింది.

కొన్నాళ్ళకు పొద్దున్నే మా పిల్ల చెప్పులు వేసుకుని కణాలకు ద్రవం మార్చడానికి బయల్దేరింది. ఎక్కడికమ్మా అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"ఆసుపత్రికండీ" అంది మా పిల్ల.